వారానికో యాంపు నచ్చిన మాస్టారు: మా షాపులో ఒక కేసు

నేపథ్యం

బెజవాడలో వాయిద్యాలమ్మే ఒక షాపులో యాంపుల (గిటారు సౌండు పెంచే యాంప్లిఫయర్ల) గది నా చేతిలో ఉంటుంది. చూపించడం, వాయించి వినిపించడం, వారంటీ దాటినవి విప్పి బాగుచేయడం నా పని. ఇక్కడ రాస్తున్న కేసు గిటారు యాంపు కొనడానికి వచ్చిన ఒకాయనది. గుర్తుపట్టకుండా ఊరు, సంఘం, కుటుంబం వివరాలు మార్చేశాను. షాపులో అందరం ఆయన్ని మాస్టారు అనే పిలిచేవాళ్ళం, ఇక్కడా అదే పిలుపు. సౌండుకు సంబంధించిన సంగతులు మాత్రం జరిగినవి జరిగినట్టే రాశాను.

మాస్టారు ఇరవై ఏళ్ళ పైనుంచి గిటారు వాయిస్తున్నారు. కాలేజీ రోజుల్లో అకూస్టిక్, తర్వాత ఎలక్ట్రిక్. ఆయన గిటారు స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహాది, మూడు సింగిల్ కాయిల్ పికప్పులది. పికప్పు అంటే తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం. ఆదివారం ఆరాధనలో వాయిస్తారు, మిగతా రోజుల్లో పిల్లలు పడుకున్నాక ఇంట్లో ఓ అరగంట. ఆయన దగ్గరున్నది 10 వాట్ల బుల్లి ప్రాక్టీసు యాంపు. ఇంటికి సరిపోతుంది. మందిరంలో డ్రమ్స్, కీబోర్డు మొదలయ్యాక అది ఉందో లేదో తెలియదు. ఆ ఏడు ఎరియర్స్ చేతికొచ్చాయి. ఈ రాష్ట్రంలో టీచరు ఉద్యోగం ఎరిగినవాళ్ళకి ఆ మాట బరువు వేరే చెప్పక్కర్లేదు. ఈసారి మంచిది, మళ్ళీ మార్చాల్సిన పని లేనిది కొనాలని వచ్చారు.

వచ్చిన సమస్య

మొదటి శనివారం సాయంత్రం ఫెండర్ బ్లూస్ జూనియర్ నచ్చింది. 15 వాట్ల ట్యూబ్ యాంపు అది (ట్రాన్సిస్టర్ల బదులు పాతకాలపు గాజు వాల్వులతో పనిచేసేది), 12 అంగుళాల స్పీకరు ఒకటి. ఇంట్లో అడిగి వస్తానన్నారు. మరుసటి వారం వచ్చి మళ్ళీ వాయించి, రోలాండ్ జేసీ-40 దగ్గర ఆగిపోయారు. ఆ పై వారం బాస్ కటానా 50. ఆ తర్వాత మళ్ళీ మొదటిదే బాగుందేమో అన్నారు, వాయించారు, మొహం చిట్లించారు.

"ఏమండీ, మొన్న ఇదే కదా అంత తియ్యగా పలికింది! ఇవాళేంటండీ, రేకు డబ్బా కొట్టినట్టుంది? యాంపు మార్చారా?"

మార్చలేదు. అదే యాంపు, అదే మూల.

ఇలాంటి కస్టమర్ల గురించి షాపుల్లో ఒక మాట ఉంది: "కన్ఫ్యూజ్ అయ్యాడు, కాస్త రేటు తగ్గిస్తే ఏదో ఒకటి తీసుకుంటాడు." మా ఓనరు గారిదీ అదే సలహా. నాకు మాత్రం ఆయన చెవి మీద అనుమానం రాలేదు. ట్యూనర్ లేకుండా కీబోర్డు మీద ఒక్క స్వరం విని ఆరు తీగలూ శ్రుతి చేసుకునే మనిషి. అంత నమ్మకమైన చెవి వారానికో తీర్పు ఇస్తోందంటే, వారం వారం ఆ చెవికి చేరుతున్నదే వేరు. మారుతున్నదేమిటో తేల్చకుండా డిస్కౌంటు ఇస్తే, నెల తిరక్కుండా ఆ యాంపు మళ్ళీ మా కౌంటరు మీదకే వస్తుంది.

ఏం మారుతోంది

ఒక శనివారం సాయంత్రం ఆయన్ని ఏమీ అనకుండా గమనిస్తూ నిలబడ్డాను.

మొదటిది గిటారు. ఆయన తనది తెచ్చుకోవడం లేదు. బస్సులో మోసుకురావడం కష్టమని స్టాండు మీద ఏది ఖాళీగా ఉంటే అది అందుకుంటున్నారు. బ్లూస్ జూనియర్ తియ్యగా పలికిన వారం ఆయన చేతిలో ఉన్నది హంబకర్లున్న గిటారు. రేకు డబ్బా అన్న వారం సింగిల్ కాయిల్‌ది. హంబకర్‌లో రెండు కాయిల్స్ కలిసి పనిచేస్తాయి. సాధారణంగా సిగ్నల్ బలంగా వస్తుంది, పై ట్రెబుల్ కాస్త మెత్తబడుతుంది. యాంపు ముందు దశ తొందరగా నిండుతుంది. కాబట్టి ఆయన పోల్చింది యాంపుల్ని కాదు, ఎక్కువగా గిటార్లని.

రెండోది నాబులు. శనివారం సాయంత్రం మా గదిలో కాలేజీ కుర్రాళ్ళు ఉంటారు. గెయిన్ (సౌండుని గరుకెక్కించే నాబు) పూర్తిగా, మిడ్ (మధ్య స్వరాలు) సున్నాకి, బేస్, ట్రెబుల్ చివరికి తిప్పి ఓ మెటల్ రిఫ్ వాయించి వెళ్ళిపోతారు. ఆ తర్వాత కూర్చున్నవాళ్ళు వాల్యూమ్ ఒక్కటే తగ్గించి మొదలుపెడతారు. మాస్టారూ అంతే చేస్తున్నారు. పక్కవాళ్ళ ముందు నాబులన్నీ మొదటి నుంచి తిప్పుకోవడానికి మొహమాటం.

మూడోది నిలబడే చోటు. ఇది నేను ఎక్కువగా చూసే సంగతి, తక్కువమంది పట్టించుకునే సంగతి కూడా. 12 అంగుళాల స్పీకరు అంటే సుమారు 30 సెంటీమీటర్లు. గాలిలో 1100 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవూ ఇంచుమించు అంతే. అంతకన్నా పై స్వరాలకు ఆ స్పీకరు టార్చిలైటు పని చేస్తుంది, ఎదురుగా ఉన్నవాళ్ళకే పంపుతుంది. కింది స్వరాలు గదంతా పరుచుకుంటాయి. యాంపు నేల మీద, మాస్టారు దాని ముందు అడుగు దూరంలో నిలబడి. ట్రెబుల్ అంతా ఆయన మోకాళ్ళకు వినబడుతోంది, చెవులకు మెత్తటి బేస్ చేరుతోంది. అది చాలక ట్రెబుల్ పెంచుతారు. ఇంకో వారం స్టూలు మీద కూర్చుని వాయిస్తే అదే సెట్టింగ్ గుచ్చుకుంటుంది.

నాలుగోది వాల్యూమ్. ఇదే అసలైన దొంగ. రెండు సౌండుల్లో ఒకటి కొంచెం, కేవలం ఒక డెసిబెల్ అటూ ఇటూ ఎక్కువున్నా మనిషి దాన్ని "గట్టిగా ఉంది" అనడు, "బాగుంది, నిండుగా ఉంది" అంటాడు. దానికి కారణం చెవి నిర్మాణంలోనే ఉంది. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గీతలు గీశారు: వాల్యూమ్ తగ్గేకొద్దీ చెవికి బేస్, పై ట్రెబుల్ మరీ తగ్గినట్టు వినిపిస్తాయి, మధ్య స్వరాలే మిగులుతాయి. అందుకే షాపులో గట్టిగా విని మురిసిపోయిన సెట్టింగ్, ఇంట్లో అర్ధరాత్రి పలచగా మోగుతుంది.

చేసి చూసినవి, కుదరనివి

ముందు తేలికైన దారి పట్టాను. ఆయన్ని సొంత గిటారు తెమ్మన్నాను. మూడు యాంపులూ పక్కపక్కన పెట్టి, నాబులన్నీ పన్నెండు గంటల దగ్గరకు తిప్పాను. అన్నీ ఒకే చోట మొదలైతే పోలిక న్యాయంగా ఉంటుందనేది లెక్క.

మాస్టారికి మూడూ నచ్చలేదు. బ్లూస్ జూనియర్ డొల్లగా ఉందన్నారు, జేసీ-40 చలిచలిగా ఉందన్నారు, కటానా "ఏదోలా" ఉందన్నారు. విప్పి బాగుచేసేవాడిగా నాకు ఆశ్చర్యం కలగలేదు. నాబు మీద అంకె ఒకటే అయినంత మాత్రాన లోపలి సర్క్యూట్ ఒకటి కాదు. ఫెండర్ తరహా పాసివ్ టోన్ సర్క్యూట్‌లో మూడు నాబులూ మధ్యలో పెట్టినా మిడ్ బాగా పడిపోయే ఉంటుంది. దాన్ని దాదాపు చదునుగా వినాలంటే బేస్, ట్రెబుల్ ఇంచుమించు సున్నాకి తెచ్చి మిడ్ పూర్తిగా తిప్పాలి. చూసినవాళ్ళకి పిచ్చిపనిలా కనిపిస్తుంది, కానీ సర్క్యూట్ అలాంటిది. ఇంకో కంపెనీది ఇంకోలా ఉంటుంది. కాబట్టి "అన్నీ మధ్యలో" అనేది సమానమైన మొదలు కానే కాదు.

దాన్ని వదిలేసి, ప్రతి యాంపునీ దానికదే బాగా పలికే చోట పెట్టి వినిపిద్దామనుకున్నాను. ఆయన్ని వీపు తిప్పి కూర్చోమని, ఆయన గిటారే నేను వాయించాను. ఏది ఏదో చెప్పలేదు. ఆయన వరసగా ఒకదాన్నే ఎంచుకున్నారు, ఎప్పుడూ అదే. ఇంకేం, తేలిపోయిందనుకునేవాళ్ళే ఎవరైనా. ఫోనులో సౌండ్ మీటర్ తీసి చూస్తే అది మిగతా రెండిటికన్నా స్పష్టంగా గట్టిగా మోగుతోంది. దాన్ని తగ్గించి మళ్ళీ పెడితే తీర్పులు చెదిరిపోయాయి.

అలా చెదరడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఏ యాంపులో ఏం దాగుందో నాకు తెలుసు. ట్యూబ్ యాంపు మీదకు రాగానే చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది, మీటు లోతుగా పడుతుంది. వాయించేవాడికి తెలిసినప్పుడు వినేవాడికి కళ్ళకు గంతలు కట్టినా ఫలితం లేదు.

సగం కుదిరింది

అప్పుడు లూపర్ పెడల్ తీశాను, వాయించిన ముక్కని రికార్డు చేసి తిప్పి తిప్పి వినిపించేది. మాస్టారినే తన గిటారు మీద వాయించమన్నాను: ఓపెన్ కార్డ్స్ కొంచెం, ఆరాధనలో వాయించే తరహా ఆర్పెజియో కొంచెం, పై తీగల మీద చిన్న లీడ్. అది లూపర్‌లో రికార్డయింది. ఇక చెయ్యి మారదు, మీటు మారదు. అదే ముక్క మూడు యాంపుల్లోకి వెళ్తుంది. యాంపుల్ని స్టాండ్ల మీదకు ఎత్తి, స్పీకరు కోన్ చెవి ఎత్తుకి వచ్చేలా, రెండు మీటర్ల దూరంలో కుర్చీ వేశాను. కుర్చీ కాళ్ళ దగ్గర నేల మీద టేపు అంటించాను, ఎవరో ఒకరు జరుపుతూనే ఉంటారు కాబట్టి. కుర్చీలో తల ఉండే చోట ఫోను పట్టుకుని, లూప్ తిరుగుతుండగా మూడిటి వాల్యూమూ ఒకే అంకెకు తెచ్చాను. ఫోను చూపే అంకె నిజంగా అన్ని డెసిబెల్సా కాదా అన్నది ఇక్కడ అనవసరం. ఒకే ఫోను, ఒకే చోటు, ఒకే లూప్ అయితే పోలికకు చాలు.

రెండు స్థాయిల్లో వినిపించాను. మొదట మందిరంలో డ్రమ్స్ పక్కన కావలసినంత, ఫోనులో ఎనభై అయిదు దాటి. తర్వాత ఇంట్లో పక్క గదిలో పిల్లలు నిద్రపోతున్నప్పుడు వాయించేంత, అరవై చిల్లర.

ఫలితం చూశాక ఇంతకాలం ఆయన ఎందుకు ఊగిసలాడారో అర్థమైంది. గట్టి వాల్యూమ్ దగ్గర పేర్లు చెప్పకుండా ఎన్నిసార్లు మార్చి పెట్టినా బ్లూస్ జూనియర్‌నే ఎంచుకున్నారు. తక్కువ వాల్యూమ్ దగ్గర అంతే స్థిరంగా కటానాని. వారానికో యాంపు నచ్చడం లేదు. ఆయన మోస్తున్నవి రెండు అవసరాలు, ఆ సాయంత్రం గది ఎంత గోలగా ఉంటే ఆ అవసరం గెలుస్తోంది.

లూపర్‌తో తేలనిది ఒకటుంది, అది చెప్పకపోతే ఈ పద్ధతిని అతిగా పొగిడినట్టవుతుంది. ట్యూబ్ యాంపు ఇష్టపడేవాళ్ళు చెవితో కన్నా చేతితో ఇష్టపడతారు. గట్టిగా మీటితే కొంచెం గరుకెక్కి, మెల్లగా మీటితే తేటపడి, వేలు ఒత్తిడికి జవాబిస్తుంది. కుర్చీలో కూర్చుని లూప్ వినేవాడికి ఆ జవాబు అందదు. అందుకే విన్న తర్వాత ఆయన్ని అదే వాల్యూముల దగ్గర తానుగా వాయించమన్నాను. ఇంటి వాల్యూమ్‌లో బ్లూస్ జూనియర్ వాయించి, "ఇందులో ఏదో నిద్రపోతోందండీ" అన్నారు. సరిగ్గా అదే. ఆ జవాబు రావాలంటే పవర్ ట్యూబులు కొంచెం చెమటోడ్చాలి, అరవై డెసిబెల్స్ దగ్గర వాటికి పనే ఉండదు.

అసలు ప్రశ్నలు

ఇక్కడిదాకా వచ్చాక మామూలుగా అందరూ వేసే ప్రశ్న: ఎన్ని వాట్లు కావాలి? మాస్టారికీ అదే పట్టుకుంది. 10 వాట్లు చాల్లేదు కాబట్టి 100 అయితే పదింతలు వస్తుందని లెక్క. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి వాట్లు పదింతలు కావాలి. 15 వాట్ల యాంపుకీ 50 వాట్ల దానికీ తేడా 5 డెసిబెల్స్ పైచిలుకు. స్పీకరే అంతకన్నా ఎక్కువ మారుస్తుంది. మంచి 12 అంగుళాల గిటారు స్పీకరు ఒక్క వాటుకి మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ దాకా ఇస్తుంది. ప్రాక్టీసు యాంపుల్లో ఉండే చిన్న స్పీకర్లు అందులో చాలా వెనకబడి ఉంటాయి. ఆయన పాత యాంపు మందిరంలో మునిగిపోవడానికి వాట్లు ఒక కారణమైతే, ఆ చిన్న స్పీకరు అంతకన్నా పెద్ద కారణం. ఇదే లెక్క తిరగేస్తే, అర వాటు కూడా ఇంటికి ఎక్కువే. కటానా 50 మీద 0.5, 25, 50 వాట్లని మార్చుకునే స్విచ్చు ఎందుకుందో కాగితం మీద వేసి చూపించాక మాస్టారు లెక్కల టీచరు కళ్ళతో చూశారు, తల ఊపారు.

తర్వాత మందిరం గురించి అడిగాను. ఇది ముందే అడగాల్సిన ప్రశ్న అని ఎవరైనా అంటారు. కానీ ముందే అడిగితే వచ్చే జవాబు "పెద్ద హాలండీ, రెండొందల మంది పడతారు" అనే. రెండు వాల్యూములూ విన్నాక అడిగితే మనిషి వేరే రకంగా ఆలోచిస్తాడు. మిక్సర్ ఉందా? ఉంది. పాటగాళ్ళ మైకులు, కీబోర్డు అందులోకే వెళ్తాయి. గిటారు? యాంపు నుంచి నేరుగా జనంలోకి. పాస్టర్ గారు ఏమంటారు? కొంచెంసేపు ఆగి, "గిటారు తగ్గించమంటారండీ. కానీ నాకేమో వినబడదు" అన్నారు.

కేసు తాళం ఈ మాటలోనే ఉంది. ముందు వరస వాళ్ళకి ఎక్కువ, వాయించేవాడికి తక్కువ. అలాంటప్పుడు పెద్ద యాంపు రెండు ఫిర్యాదుల్నీ పెంచుతుంది. హాలంతా నింపే పని మిక్సర్‌ది. యాంపు ఆయన చెవికి అందితే చాలు, దానికి మైకు పెడితే మిగతాది స్పీకర్లు చూసుకుంటాయి. ఈ లెక్కన మందిరంలోనూ ఎనభై అయిదు డెసిబెల్స్ అక్కర్లేదు. బ్లూస్ జూనియర్ గెలిచిన ఆ గట్టి వాల్యూమ్ ఆయన జీవితంలో నిజంగా ఎక్కడా లేదు, మా షాపులో తప్ప.

ఇంటర్నెట్ వీడియోలు చూసి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది కూడా దాదాపు ఇదే. మీరు విన్నది యాంపుని కాదు. కోన్‌కి అంగుళం దూరంలో పెట్టిన మైకు విన్నదాన్ని, మీ ఫోను స్పీకరు చెబుతోంది.

ఇంటికి పంపడం

నా ఆలోచన కాగితం మీద నిలిచింది, గదిలో నిలవాలి కదా. ఓనరు గారిని ఒప్పించి, డిపాజిట్ కట్టించుకుని, డెమో కటానాని ఒక శని ఆదివారాలకు మాస్టారి వెంట పంపాం.

శనివారం రాత్రి ఫోను. "బుర్రుమంటోందండీ. మీ షాపులో ఇంత లేదు." ఫోనులోనే మూడు పరీక్షలు చేయించాను. గిటారు తీగలు చేత్తో పట్టుకుంటే బుర్రుమనే మోత తగ్గుతోందా? తగ్గుతోంది. యాంపుకి ఎదురుగా నుంచి పక్కకి తిరిగితే మారుతోందా? కొంచెం. ఫ్యాను రెగ్యులేటర్ తిప్పితే? మోత స్వరమే మారిపోతోంది.

మూడింటికీ మూడు అర్థాలు. పక్కకి తిరిగితే మారేది సింగిల్ కాయిల్ పికప్పుకి పుట్టుకతో వచ్చిన 50 హెర్ట్జ్ హమ్, అది పోదు. మా షాపులోనూ ఉంది, గోలలో వినబడలేదంతే. ఆ హమ్ తీసేయడానికే 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ హంబకర్ తయారుచేశాడు. రెగ్యులేటర్‌తో మారేది ఫ్యాను వేగం తగ్గించే ఎలక్ట్రానిక్ భాగం వెదజల్లే రొద. ఫ్యాను పూర్తి వేగంలో పెడితే తగ్గుతుంది. నన్ను కంగారుపెట్టింది మొదటిది. తీగలు పట్టుకుంటే బాగా తగ్గడం పికప్పుల చుట్టూ షీల్డింగ్ చాలని గిటార్లలో మామూలే. కానీ పాత ఇల్లు కాబట్టి గోడలో ఎర్త్ ఉందో లేదో చూడాల్సిందే. ఆ రాత్రికి యాంపు ప్లగ్ తీసేయమన్నాను.

సోమవారం వాళ్ళ వీధి ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపు ఫేజుకీ ఎర్తుకీ మధ్య పెడితే వెలగలేదు. మూడు కన్నాల సాకెట్టు ఉంది, ఎర్త్ వైరు మీటరు బోర్డు దగ్గరే ఊడి వేలాడుతోంది. గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. వైరు బిగించి, గుంత తవ్వించి బాగుచేయించారు. మూడో పిన్ను విరిచి వాడే యాంపులు మా బెంచి మీదకు వస్తుంటాయి. హమ్ తగ్గుతుందని చేస్తారు. లోపల ఎక్కడైనా ఫేజు ఛాసిస్‌కి (లోపలి రేకు చట్రానికి) తగిలితే ఆ కరెంటు గిటారు తీగల్లోకి, అక్కడి నుంచి ఎదుటి మైకుకి ఆనిన పెదవుల మీదుగా వెళ్తుంది. యాంపు ఎంపికలో ఎర్త్ సంగతి ఎవరూ లెక్కపెట్టరు, నేను మాత్రం ఇప్పుడు అమ్మకానికి ముందే అడుగుతున్నాను. అమెరికా నుంచి పిల్లలు పంపిన 120 వోల్టుల యాంపుకి ట్రాన్స్‌ఫార్మర్ కొనడానికి వచ్చేవాళ్ళని మరీ గట్టిగా అడుగుతాను.

మందిరంలో ఆదివారం కూడా మొదట బెడిసింది. యాంపు నేల మీద పెట్టారు. పాస్టర్ గారు చెవి పట్టుకున్నారు, మాస్టారికి వినబడలేదు. పాత కథే, 50 వాట్లతో. విరామంలో ఫోను చేస్తే, యాంపుని ప్లాస్టిక్ కుర్చీ మీదకు ఎక్కించి, వెనక్కి వాలేలా ఆనించి, ముఖం మాస్టారి తలవైపు ఉండేలా, జనానికి అడ్డంగా తిప్పమన్నాను. 25 వాట్ల దగ్గర పెట్టి మాస్టర్ బాగా తగ్గించమన్నాను. మూల పడి ఉన్న ఒక డైనమిక్ మైకుని కోన్‌కి దగ్గరగా, నడిమధ్య కాకుండా అంచు వైపు పెట్టించాను. నడిమధ్య మైకుకి ట్రెబుల్ గుచ్చుకుంటుంది, అంచుకి జరిపేకొద్దీ మెత్తబడుతుంది. హెడ్‌ఫోన్స్ జాక్ నుంచి నేరుగా మిక్సర్‌కి వైరు లాగుదామని అక్కడి కుర్రాడు అన్నాడట. చాలా యాంపుల్లో ఆ జాక్‌లో పిన్ను పెట్టగానే స్పీకరు ఆగిపోతుంది. అప్పుడు మాస్టారికి మళ్ళీ ఏమీ వినబడదు, అందుకే వద్దన్నాను.

రెండో పాట నుంచి గొడవ లేదు. మాస్టారు పంపిన మెసేజీ: "పాస్టర్ గారు గిటారు కొంచెం పెంచమన్నారు." జనంలోకి వెళ్ళేది మిక్సర్‌లో పెంచారు, యాంపు ముట్టుకోలేదు.

నిర్ణయం

ఆయన కటానా కొన్నారు. ట్యూబ్ యాంపుతో పోలిస్తే ఖర్చు సగానికన్నా తక్కువ. మిగిలినదాంట్లో కొంత పెట్టి ఆ గిటారుని సెటప్ చేయించమన్నాను. తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. నెక్ పికప్పు తీగలకు మరీ దగ్గరగా ఉండి, బరువు తీగలు ముద్దగా పలుకుతున్నాయి. ఆ రెండూ సరిచేశాక ఆయన లూపర్ ముక్క మళ్ళీ రికార్డు చేసి విన్నాం. పాత తీగలతో ఉన్న తేడా, యాంపుకీ యాంపుకీ ఉన్న తేడాకన్నా పెద్దదిగా వినిపించింది. గిటారు సెటప్ ముందే చేసి ఉంటే యాంపుల తీర్పు మారేదా అని మాస్టారు అడిగారు. తక్కువ వాల్యూమ్‌లో మారేది కాదనే నా అభిప్రాయం. గట్టి వాల్యూమ్‌లో జేసీ-40కి ఇంకొన్ని మార్కులు పడేవేమో. తేటగా పలికే యాంపు కింద పాత తీగలు దాక్కోలేవు.

ట్యూబ్ యాంపు మీద ఆయనకి మోజు పోలేదు. నెలకోసారి షాపుకొచ్చి బ్లూస్ జూనియర్ కాసేపు వాయించి వెళ్తారు. ఓనరు గారికి అది నచ్చదు, నాకు అభ్యంతరం లేదు. 1962లో లండన్ హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ షాపుకొచ్చే గిటారిస్టులు తమకి ఎలాంటి సౌండు కావాలో కౌంటరు దగ్గర చెప్పుకునేవాళ్ళు. ఫెండర్ వాళ్ళ బాస్‌మ్యాన్ యాంపు సర్క్యూట్ ముందు పెట్టుకుని ఆ షాపు వాళ్ళు కట్టిందే మొదటి మార్షల్ యాంపు. కొనకుండా వాయించి వెళ్ళేవాళ్ళ మాటలకీ విలువుంది.

గదిలో మారినవి

ఈ కేసు తర్వాత యాంపుల గదిలో కొన్ని మారాయి. స్టాండ్లు వచ్చాయి, నేల మీద టేపు అలాగే ఉంది. రోజూ షట్టరు ఎత్తగానే నాబులన్నీ వాటి వాటి చోట్లకు తేవడం ఒకరి డ్యూటీ. ప్రతి యాంపు మీదా "ఇక్కడ మొదలుపెట్టండి" అని తెల్ల మార్కరుతో గుర్తులు పెట్టాం. సొంత గిటారు తేనివాళ్ళకి పికప్పు రకం అడిగి దగ్గరిదే ఇస్తాం. ఇంట్లో వాయించడానికే కొనేవాళ్ళకి గట్టి వాల్యూమ్ చివర్లో తప్ప వినిపించం. ముందే వినిపిస్తే చెవి దానికి అలవాటుపడి, ఆ తర్వాత తక్కువ వాల్యూమ్‌లో ఏ యాంపూ నచ్చదు.

కుదరనిది శనివారం సాయంత్రం. కుర్రాళ్ళు నలుగురు ఒకేసారి నాలుగు యాంపులు మోగిస్తుంటే లూపర్ లేదు, మీటరు లేదు. వాళ్ళని ఆపడం ఓనరు గారికి ఇష్టం లేదు, రేపటి కస్టమర్లు వాళ్ళే. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. శనివారం ఎవరైనా ఏదైనా వాయించుకోవచ్చు. కొనాలని వచ్చినవాళ్ళని మాత్రం మంగళ, బుధవారాల్లో పొద్దున పదకొండులోపు రమ్మంటున్నాను. టీచర్లకి ఆ టైము కుదరదని మాస్టారు అభ్యంతరం చెప్పారు. వాళ్ళకోసం రెండో శనివారం పొద్దున, కుర్రాళ్ళు నిద్ర లేవకముందు, షట్టరు ఓ గంట ముందే ఎత్తుతున్నాం.